పిండి జాడీలో గింజలు

మా వైపు డబ్బు దాచుకోవడం చేతకానివాళ్లు ఉంటారేమో గానీ, పక్కవాళ్లు ఎక్కడ దాచుకోవాలో చెప్పలేనివాళ్లు మాత్రం ఉండరు. నర్సరీ బడిలో టీచరుగా మొదటి జీతం చేతికొచ్చిన రోజునే ఊళ్లో అందరూ నాకు గురువులైపోయారు. బ్యాంకులో వెయ్యమని ఒకరు, బ్యాంకు వడ్డీ తలనొప్పి మాత్రలకి కూడా చాలదని ఇంకొకరు. నాతోపాటు పనిచేసే ఫాంగ్ నెలనెలా ఫోన్లో ఫండ్లు కొనేది. మా దగ్గర ఫోన్లో ధర పెరిగినవి ఎర్రగా, పడిపోయినవి పచ్చగా కనిపిస్తాయి. ఫాంగ్ ఫోను ఎప్పుడు చూసినా మార్చి నెల గోధుమ చేనులా ఉండేది.

"చూడవే యీలాన్, నా పంట ఎంత పచ్చగా ఉందో" అని తనే నవ్వేది. "కోతకు రావడమే లేదు."

ఇక ఇల్లు కొనడమంటారా, ఆ ముచ్చట మా ఇంట్లో అప్పటికే తీరిపోయింది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. మా నాన్న అన్నయ్య కోసం రెండూ ఒకేసారి నెత్తికెత్తుకున్నాడు. అన్నయ్య హావ్‌జే పేరు మీద కొన్న ఫ్లాటు పదకొండో అంతస్తు దగ్గర ఆగిపోయి మూడేళ్లయింది. బిల్డరు పరారీ, క్రేను మాత్రం అక్కడే ఉంది. ఆ కట్టని ఇంటికి నెలనెలా వాయిదా కట్టడానికి నాన్న దేశానికి ఆ కొసన షిన్‌జియాంగ్‌లో పరాయివాళ్ల ఇళ్లు కడుతున్నాడు. కొత్త సంవత్సరం పండక్కి తప్ప రాడు.

అందుకని నేను గింజలు కొన్నాను. బంగారం గింజలు. ఒక్కోటి ఒక గ్రాము, కందిగింజంత ఉంటుంది. జీతం రాగానే బస్టాండు ఎదురుగా ఉన్న బంగారు కొట్టుకెళ్లి, నా కళ్లముందు తూకం వేయించుకుని ఒకటి కొనేదాన్ని. జీతంలో నాలుగోవంతు దానికే పోయేది. వేలెడంత గాజుసీసాలో వేసి, దాన్ని వంటింట్లో పిండి జాడీలో గోధుమపిండి అడుగున పూడ్చిపెట్టేదాన్ని. ఆ చోటు చూపించింది అమ్మే.

"దొంగ వస్తే బీరువా చూస్తాడు, పరుపు కింద చూస్తాడు" అంది అమ్మ. "వాడికి మన ఇంట్లో రొట్టెలు చేసుకోవాలని ఎందుకుంటుంది?"

ఆ సీసా దేనికో అమ్మకి ఒక్కదానికే చెప్పాను. మా బడిలో పిల్లలు తగ్గిపోతున్నారు. నేను చేరినప్పుడు మూడు తరగతులుండేవి, ఆ ఏడాది ఒక్కటి మిగిలింది. మా ఊళ్లో పుట్టేవాళ్లు కరువయ్యారు గానీ ముసలివాళ్లకి కొదవ లేదు. పక్షవాతం వచ్చినవాళ్లని మళ్లీ నడిపించే విద్య జెంగ్‌జౌ నగరంలో ఏడాదిపాటు నేర్పుతారు. సెప్టెంబరులో చేరాలి. ఫీజుకి, గది అడ్వాన్సుకి ఆ సీసా. నేను జీవితంలో నా కోసం అనుకున్న మొదటి పని అది. చెప్పినప్పుడు అమ్మ చేతిలో పని ఆపకుండానే, "వెళ్లు, వెళ్లు. ఇద్దరిలో ఒకరైనా ఈ ఊరు దాటాలి" అంది.

అమ్మ పని సవరాలు. కంపెనీవాళ్లు వల టోపీలు, జుట్టు కట్టలు ఇంటికి పంపుతారు. కొక్కెం సూదితో ఒక్కో వెంట్రుకా ఆ వలకి ముడివెయ్యాలి. అమెరికాలో ఎవరో నెత్తిన పెట్టుకునే జుట్టు మా అమ్మ ఒళ్లో మొలుస్తుంది. ఆమె వేళ్లకి ఆ ముడి ఎంత అలవాటైపోయిందంటే, టీవీ చూస్తూ, నిద్రలోకి జారుతూ కూడా ఆడుతూనే ఉండేవి.

అన్నయ్యకి షిన్‌రూతో పెళ్లి కుదిరింది. సెల్‌ఫోన్ల కొట్లో పనిచేస్తుంది, మంచి పిల్ల. మా వైపు మగపెళ్లివాళ్లే ఆడపిల్లవాళ్లకి ఓలి ఇచ్చుకోవాలి. మార్చి నెలాఖరుకి ఆ డబ్బు ఎర్రగుడ్డలో కట్టి వాళ్లింటికి చేర్చారు. నాన్న పంపింది చాలక అమ్మ నెలరోజులు చుట్టాలందరి గడపలూ తొక్కింది. చివరికి ఎలాగో సర్దింది. పండక్కి పిండివంటలు చాలకపోయినా, ఊళ్లో చావుకి ఇవ్వాల్సిన చదివింపులు చాలకపోయినా అమ్మ ఎప్పుడూ ఎలాగో సర్దేది, మేమెవరం ఎలాగని అడిగేవాళ్లం కాదు.

ఓలి అయింది, ఇక మిగిలింది మూడు నగలు. ఉంగరం, కమ్మలు, గొలుసు. అవి పెట్టకుండా మా ఊళ్లో కోడలు గడప దాటదు. పెళ్లి అక్టోబరు సెలవుల్లో. మేలో ఉంగరం, కమ్మలు కొన్నారు. గొలుసు కొనేలోపు బంగారం ధరకి రెక్కలొచ్చాయి. ఆ వసంతంలో అమ్మతో బజారుకెళితే చాలు, బంగారు కొట్టు ముందున్న ధరల పలక దగ్గర కాసేపు నిలబడేది. నిలబడి, కూరగాయల సంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని నడిచేది. ఇంటికొచ్చాక, "ఇవాళ గ్రాము ఎంతుందో ఫోన్లో చూడవే" అని మళ్లీ అడిగేది.

"మళ్లీ పెరిగిందమ్మా" అనేదాన్ని నేను, సంబరంగా. "నా సీసా బలుస్తోంది."

"ఊఁ" అనేది అమ్మ.

జూన్‌లో గోధుమ కోతలయ్యాయి. పొద్దుగూకే వేళకి పోప్లర్ చెట్ల మొదట్లో కీచురాళ్ల పిల్లలు మట్టి తొలుచుకుని పైకొస్తాయి. వాటిని ఏరి, ఉప్పులో వేసి, నూనెలో వేయిస్తే చుట్టాలకి పెట్టదగ్గ మర్యాద. ఆ సాయంత్రం షిన్‌రూ వాళ్లమ్మ వస్తోందని అమ్మ నన్నూ అన్నయ్యనీ తోపులోకి తరిమింది. అన్నయ్య ఫోను లైటు వేసి పట్టుకుంటే నేను చెట్ల బెరడు మీదినుంచి ఒక్కోటీ ఒలిచి బకెట్లో వేశాను.

"యీలాన్" అన్నాడు అన్నయ్య, నా మొహం చూడకుండా. "నీ దగ్గర గింజలున్నాయి కదా. గొలుసుకి సరిపోతాయేమో. అప్పుగానే ఇవ్వు. ఫ్లాటు చేతికొచ్చాక…"

"ఫ్లాటు చేతికొచ్చాక పదకొండో అంతస్తు నుంచి నన్ను తోసెయ్" అన్నాను.

అన్నయ్య లైటు ఇంకో చెట్టు మీదికి తిప్పాడు. నాకే మనసు చివుక్కుమంది. మా అన్నయ్య దౌర్జన్యం చేసే మనిషి కాడు, అడగలేక అడగలేక అడిగే మనిషి. అలాంటివాళ్లని కాదనడమే కష్టం.

షిన్‌రూ వాళ్లమ్మ వచ్చింది. మేం వేయించి పెట్టిన కీచురాళ్లు కరకరలాడిస్తూ, నవ్వుతూనే చెప్పాల్సింది చెప్పింది. "వదినగారూ, నాకు ఆశ లేదండీ. కానీ గొలుసు లేకుండా పంపితే మా వీధిలో తల ఎత్తుకోలేను. మొన్న ఎవరో గిల్టు గొలుసు పెట్టి కోడల్ని తీసుకెళ్లారట. పెళ్లైన నెలకే మెడంతా పచ్చబడిందట. మీరలాంటివాళ్లని కాదు."

"పిండి కొద్దీ రొట్టె వదినగారూ" అంది అమ్మ. "మా తాహతు కొద్దీ పెడతాం. కాస్త బరువు తగ్గినా మీరు సర్దుకోవాలి."

"తగ్గినా పర్లేదు. బంగారమైతే చాలు."

అప్పుడు అన్నయ్య నోరు జారాడు. "చెల్లాయి దగ్గర కొంచెం…"

అమ్మ చేతిలోని పళ్లెం బల్లమీద ఠక్కున పెట్టింది. "దాని గింజల జోలికి ఎవరూ రావద్దు" అంది. గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే షిన్‌రూ వాళ్లమ్మ నమలడం ఆపేసింది. "అది దాని కష్టార్జితం. దానికీ ఓ దారి ఉంది. అన్నకి పెళ్లని ఆడపిల్ల కడుపు కొడతామా? ఆ మాట మళ్లీ ఈ ఇంట్లో వినపడకూడదు."

నేను వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను. ఇరవై నాలుగేళ్లలో అన్నయ్యకి ఎదురుగా అమ్మ నా పక్షాన నిలబడటం అదే మొదలు. గుడ్డు ఒకటే ఉంటే అన్నయ్య గిన్నెలో పడేది. సైకిలు ఒకటే కొంటే అన్నయ్య తొక్కేవాడు, నేను వెనక కూర్చునేదాన్ని. నాకు కోపాలుండేవి కాదు, లెక్కల్లో నేను రెండోదాన్నని తెలుసు, అంతే. అలాంటిది ఆ సాయంత్రం అమ్మ నా కోసం వియ్యపురాలి ముందు పళ్లెం విసిరినంత పని చేసింది. నాకు ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్లి, ఎందుకో పిండి జాడీ మూత మీద చెయ్యేసి నిలబడ్డాను.

ఆ మాటే నన్ను మెత్తబరిచింది. అమ్మ 'ఇవ్వు' అని ఉంటే ఇచ్చేదాన్ని కాదు. 'ఇవ్వొద్దు' అంది కనుక ఇవ్వాలనిపించింది.

జులై మొదటి వారంలో మా హెడ్మిస్ట్రెస్ మిగిలిన టీచర్లందరినీ కూర్చోబెట్టి, కొత్త ఏడాదికి తొమ్మిదిమంది పిల్లలే పేరిచ్చారనీ, నెలాఖరుకి బడి మూసేస్తున్నామనీ చెప్పింది. ఫాంగ్ తన ఫండ్లన్నీ నష్టానికి అమ్మేసి, గ్వాంగ్‌డాంగ్‌లో వాళ్ల చిన్నాన్న ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. ఆ కబురు విన్న రోజు నేను ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని వల మీద ముడులు వేస్తోంది. మూడు రోజులుగా అన్నయ్య అన్నం సరిగ్గా తినడం లేదు. షిన్‌రూ ఫోను చేస్తే బయటికెళ్లి మాట్లాడుతున్నాడు.

"అమ్మా, గింజలు ఇచ్చేద్దామనుకుంటున్నాను" అన్నాను.

అమ్మ సూది ఆగింది. "వద్దన్నానా?"

"వచ్చే ఏడాది వెళతాలే జెంగ్‌జౌ. ముసలివాళ్లు ఎక్కడికి పోతారు?"

"వద్దంటే వినవేం?" అమ్మ లేచి నిలబడింది. ఒళ్లోంచి జుట్టు కట్ట జారి కింద పడింది. "వాడి పెళ్లి వాడు చూసుకుంటాడు. నేనున్నాను. ఎలాగో సర్దుతాను. నువ్వు నీ చదువుకి వెళ్లు. సెప్టెంబరు దాకా ఆ సీసా కదిలించకు."

"సెప్టెంబరు దాకా ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పను? చెప్పిన మాట విను."

ఎంత వద్దంటే నాకు అంత ప్రేమ పొంగింది. అమ్మని తప్పించే ఉపాయం నాకు తెలుసు. మర్నాడు సెల్‌ఫోన్ల కొట్టుకెళ్లి, గొలుసుకి నా గింజలు ఇస్తానని షిన్‌రూకే చెప్పేశాను. షిన్‌రూ నా రెండు చేతులూ పట్టుకుంది. సాయంత్రానికి వాళ్లమ్మ ఫోను. ఆదివారం సంతవీధిలో కంసాలి లూ మేస్త్రి దగ్గరే, అందరి ఎదుటా చేయిద్దామని. అమ్మ ఫోను పెట్టేసి నావైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. వంటింట్లోకి వెళ్లి రాత్రి రొట్టెలకి పిండి తీసింది.

లూ మేస్త్రి కొట్టంటే గోడకి ఆన్చిన రేకు పంచ. బొగ్గు దిమ్మ, కాలితో తొక్కే తిత్తి, మంట గొట్టం, చిన్న తక్కెడ. జనం ఇంట్లో బంగారం తెచ్చి ఎదురుగా కూర్చుని కరిగించుకుంటారు. కళ్లు పక్కకి తిప్పితే తరుగు పెరుగుతుందని మా వాళ్ల నమ్మకం. షిన్‌రూ వాళ్లమ్మ అందరికంటే ముందే వచ్చి స్టూలు వేసుకుంది. షిన్‌రూ, అన్నయ్య వెనక నిలబడ్డారు. అమ్మ బెంచీ చివర కూర్చుంది.

మేస్త్రి సీసా మూత తీసి గింజల్ని తక్కెడ పళ్లెంలో పోశాడు. పిండి అంటుకుని తెల్లగా ఉన్నాయి.

"ఎన్ని గ్రాములమ్మాయ్?"

"పదిహేను."

మేస్త్రి తక్కెడవైపు చూశాడు. గింజల్ని గుడ్డతో తుడిచి మళ్లీ పోశాడు. మళ్లీ చూశాడు. గింజల్ని బొగ్గు దిమ్మ మీద వరసగా పెట్టి, తిత్తి తొక్కుతూ మంట వదిలాడు.

మొదటిది ఎర్రగా కాలింది, మంట తియ్యగానే మళ్లీ పచ్చగా మెరిసింది. రెండోది నల్లబడింది. మూడోది నల్లబడింది. నాలుగోది కూడా. షిన్‌రూ వాళ్లమ్మ స్టూలు ముందుకి జరుపుకుంది. మేస్త్రి తొందరపడలేదు. చివరిదాకా కాల్చి, పట్టకారుతో వాటిని రెండు పక్కలకి విడదీశాడు.

"ఈ మూడూ బంగారం" అన్నాడు. "మిగతావి రాగి. పైన పూత."

పదిహేనూ ఒకే కొట్లో కొన్నాను. పదిహేనూ నా కళ్లముందే తూచారు. పదిహేనులో మూడు మంచివి. ఏప్రిల్, మే, జూన్. ఓలి ఇచ్చిన తర్వాత నేను సీసాలో వేసినవి మూడే.

అమ్మవైపు చూశాను. అమ్మ మంటవైపు చూడటం లేదు. తల వంచుకుని, వలా వెంట్రుకా లేకుండానే, ఒళ్లో వేళ్లతో ముడులు వేస్తోంది.

"ఏమిటిది వదినగారూ?" షిన్‌రూ వాళ్లమ్మ గొంతులో మర్యాద ఎగిరిపోయింది. "పూత గింజలు కరిగించి మా పిల్ల మెడలో వేద్దామనా? నేను అన్నానో లేదో, మీరలాంటివాళ్లు కాదని."

అమ్మ వేళ్లు ఇంకా ముడులు వేస్తూనే ఉన్నాయి. అన్నయ్య మొహంలో నెత్తురు లేదు. షిన్‌రూ వాళ్లమ్మ లేచి సంచీ భుజాన వేసుకుంది. ఇంకొక్క అడుగు వేస్తే ఆ పెళ్లి అక్కడితో సరి.

"నేనే అత్తయ్యగారూ" అన్నాను. "మొదట్లో ఫోన్లో కొన్నాను. గ్రాముకి ఇంత తగ్గింపని ఊరించాడు. తర్వాత అనుమానమొచ్చి కొట్లో కొనడం మొదలుపెట్టాను. అమ్మకి తెలీదు."

ఎప్పుడూ అబద్ధం ఆడని నోటికి అది అంత నున్నగా ఎలా వచ్చిందో నాకే తెలియదు.

షిన్‌రూ వాళ్లమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఆ చూపులో కోపం కరిగి జాలి అయింది, జాలి కాస్తా పాఠం అయింది. మళ్లీ స్టూలు మీద కూర్చుంది. "చదువుకున్న పిల్లవి. పదిమందికి చదువు చెప్పేదానివి. చవగ్గా వస్తే కాకిబంగారమే వస్తుందని తెలియదటమ్మా? డబ్బు పెట్టేముందు పెద్దవాళ్లని ఒక్క మాట అడగాలి."

"అవునత్తయ్యగారూ."

"ఇలాంటివి నాకు తరచూ వస్తాయిలెండి" అన్నాడు మేస్త్రి. "కుర్రకారు. దేని మీద పెట్టాలో తెలీదు, పెట్టాలన్న తొందర మాత్రం ఉంటుంది."

అప్పుడు అమ్మ లేచింది. తన పెళ్లి ఉంగరం తియ్యబోయింది. వేలు లావెక్కి అది కదల్లేదు. సబ్బు రాసినా రాలేదు. "కత్తిరించండి మేస్త్రీ" అంది. మేస్త్రి కత్తెరతో తెంపాడు. వేలి మీద తెల్లటి చార మిగిలింది. ఆ ఉంగరమూ, నా మూడు గింజలూ కలిపి కరిగించి లాగితే దారమంత గొలుసు వచ్చింది. షిన్‌రూ వాళ్లమ్మ దాన్ని అరచేతిలో వేసుకుని చూసి, "సరే, బంగారమేగా" అంది.

తిరిగొస్తూ అన్నయ్య మాకంటే పది అడుగులు ముందు నడిచాడు. ఇంటి మలుపులో ఆగి అన్నాడు. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది. లేనిపోని ఆశపెట్టి అందరి ముందూ అమ్మని తలదించుకునేలా చేశావు."

నేను అమ్మ మొహంలోకి చూశాను. ఇప్పుడు చెబుతుందనుకున్నాను.

"పోనీలేరా" అంది అమ్మ. "కొత్త. తెలియక చేసింది."

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. అమ్మ నూడుల్స్ చేసి, నా గిన్నెలో రెండు గుడ్లు కొట్టివేసింది. ఎదురుగా కూర్చుంది. అడుగుతానని భయపడుతోందని తెలుస్తోంది. అడక్కుండా చెబుతుందేమోనని నేను ఎదురుచూస్తున్నాను. నా బంగారం మార్చిలోనే, పూత గింజల్ని తన చోట వదిలి, డబ్బై ఎర్రగుడ్డలో చుట్టుకుని షిన్‌రూ వాళ్లింటికి వెళ్లిపోయింది. దాన్నే రెండోసారి ఇద్దామని నేను సంబరంగా సీసా పట్టుకెళ్లాను. ధర తగ్గితే తిరిగి కొని పెట్టేద్దామనుకుంది కాబోలు. పలక దగ్గర నిలబడిందంతా అందుకే. సెప్టెంబరు దాకా కదిలించకు అన్నదీ అందుకే. ఆ రోజు పళ్లెం ఠక్కున పెట్టింది నా కోసం కాదు. ఆ సంగతే నాకు గుడ్ల కంటే ముందు గొంతులో అడ్డం పడింది. బంగారం పోతే పోయింది. ఆ ఒక్క సాయంత్రమైనా నాకు మిగిలి ఉంటే బాగుండేది.

"తిను. చల్లారిపోతుంది" అంది అమ్మ.

తిన్నాను.

పెళ్లి బాగానే జరిగింది. నాన్న వచ్చాడు, నాలుగు రోజులుండి వెళ్లాడు. మా నర్సరీ బడి అప్పటికే ముసలివాళ్ల ఆశ్రమం అయింది. గోడల మీద కుందేలు బొమ్మలు అలాగే ఉంచారు. మోకాలెత్తు కుళాయిల దగ్గర తాతలు నడుం పట్టుకుని వంగి మొహం కడుక్కుంటున్నారు. నన్ను ఆయాగా ఉంచుకున్నారు. ఆ పనికి చదువు లేదు కాబట్టి జీతం తక్కువ. జెంగ్‌జౌలో ఆ ఏడాది తరగతులు నేను లేకుండానే మొదలయ్యాయి.

పెళ్లి భోజనాల దగ్గర నేను పళ్లేలు మోస్తుంటే పక్కింటి గువో పిన్ని నా చొక్కా అంచు పట్టుకుని ఆపింది.

"ఏమే బంగారు తల్లీ, ఈ నెల దేని మీద పెట్టావు? ఇత్తడి చవగ్గా ఉందట."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నాకు అలవాటైపోయింది. మూడు నెలలుగా ఊరంతా ఇదే వేళాకోళం. తమ డబ్బంతా కట్టని ఫ్లాట్లలో పోసినవాళ్లు కూడా నన్ను నిలబెట్టి మదుపు పాఠాలు చెప్పేవాళ్లు. నన్ను చూపించి తమ ఆడపిల్లలకి బుద్ధులు చెప్పేవాళ్లు. అమ్మ అదే బల్ల దగ్గర చుట్టాలకి సారా పోస్తోంది. ఆమె తల ఎత్తకుండా అంది. "నేను అప్పటికీ చెప్పాను చెల్లీ, ఫోన్లో కొనొద్దే, కొట్లో కొనుక్కోవే అని. వింటేనా?"

చేతిలో పళ్లెం ఒరిగింది. పులుసు నా చెప్పుల మీద ఒలికింది. నేను పుట్టించిన అబద్ధానికి అమ్మ కాళ్లూ చేతులూ పెట్టి ఊళ్లో నడిపిస్తోంది. గింజలు తీసుకున్నందుకు నాకు అమ్మ మీద కోపం రాలేదు, నిజం. కొడుకు పెళ్లి ఆగిపోతుంటే ఆవిడ ఏం చేస్తుంది పాపం, అనుకున్నాను. కానీ ఆ మాట విన్నప్పుడు మాత్రం అసహ్యం వేసింది. అమ్మ మీద అసహ్యం వెయ్యడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. అది వేసిన రోజు అన్నం సహించదు.

వంటపందిరి వెనక చెప్పులు కడుక్కుంటుంటే షిన్‌రూ వచ్చింది. ఎర్ర పెళ్లిబట్టల్లో చెమటలు కక్కుతోంది. మెడలో దారమంత గొలుసు.

"నీ మూడు గింజలూ ఇందులోనే ఉన్నాయి కదా" అంది, వేలితో తాకి చూపిస్తూ. "నాకివే ఎక్కువ యీలాన్. అసలు ఓలి డబ్బు ఏమైందనుకున్నావు? మా తమ్ముడికి కారు కొన్నారు. వాడికీ పెళ్లి కావాలి కదా."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. షిన్‌రూ ఒంగి నా రెండో చెప్పు కడిగి పెట్టింది.

అక్టోబరు ఆఖర్న ఆశ్రమంలో మొదటి పూర్తి జీతం వచ్చింది. బస్టాండు ఎదురుగా అదే కొట్టుకెళ్లాను. కౌంటరులో అమ్మాయి నన్ను గుర్తుపట్టి, "చాన్నాళ్లకి వచ్చారే" అంది. ధర చూస్తే జీతంలో సగం దాకా పోయేట్టుంది. బ్యాంకులో వేసుకుంటే పోయేది, కానీ నా కాళ్లు అక్కడికే వచ్చాయి. తూకం వేయించుకుని ఒక్క గింజ కొన్నాను. పాత సీసా నా దగ్గరే ఉంది.

ఇంట్లో అన్నయ్య, వదిన ఇంకా పని నుంచి రాలేదు. అమ్మ వంటింట్లో రొట్టెలకి పిండి కలుపుతోంది. మోచేతుల దాకా పిండి. ఉంగరం వేలి మీద చార ఇంకా పోలేదు. నేను జాడీ మూత తీసి, సీసాని పిండిలోకి దించాను. అలవాటు కొంత. ఆవిడ చూడాలన్న కసీ కొంత.

అమ్మ పిసకడం ఆపింది. నావైపు తిరగలేదు.

"అక్కడ వద్దు" అంది.

"మరెక్కడ పెట్టను?"

అమ్మ ముద్దలోంచి వేళ్లు పైకి తీసి, మళ్లీ లోపలికి గుచ్చింది.

"నీ దగ్గరే పెట్టుకో" అంది. "ఎక్కడ పెట్టావో నాకు మాత్రం చెప్పకు."

సరే అన్నాను. సీసా పైకి తీసి, పిండి తుడిచి, జేబులో వేసుకున్నాను. అమ్మ మళ్లీ పిండి పిసకడం మొదలుపెట్టింది. నేను పొయ్యి వెలిగించి, రొట్టెలు ఉడికించే ఆవిరి గిన్నె ఎక్కించాను. ఎక్కడ దాచుకుంటున్నానో ఆవిడ ఇప్పటిదాకా అడగలేదు. నేనూ చెప్పలేదు.